నాలుగు తీగలు తెగితే కీబోర్డ్ చచ్చిపోయినట్టేనా? 1981 నాటి ఒక కీబోర్డ్ కథ

ఛార్జర్ కేబుల్ మెడ దగ్గర చిట్లిపోతే మనం ఏం చేస్తాం? మొదటి రెండు రోజులు దాన్ని ఒక కోణంలో వంచి, ఫోన్ కింద ఏదో ఒకటి ఎత్తు పెట్టి, ఛార్జింగ్ గుర్తు పడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాం. మూడో రోజు కొత్తది కొనేస్తాం. పాతది చెత్తబుట్టలోకి పోతుంది. అంతే కదా?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో కేబుల్ మొత్తం తెగిపోయిన ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. అది నలభై ఏళ్లు దాటిన కీబోర్డ్. దాని కేబుల్‌కి అవతలి చివర ఉండాల్సిన ప్లగ్గే లేదు. అది ఏ కంప్యూటర్‌కి పెట్టాలో, ఆ కంప్యూటర్ తయారవడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. అయినా దాన్ని ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కి కలిపి టైప్ చేయొచ్చు. తెలుగులో కూడా! ఎలా కుదురుతుంది? రిపేర్ చేసేవాళ్ల చేతివాటం వల్ల కొంత. కానీ అసలు కారణం వేరే ఉంది. ఆ కారణం కోసం మనం 1981కి వెళ్లాలి.

1981 ఆగస్టు 12. న్యూయార్క్ నగరం. ఐబీఎం కంపెనీ తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ని లోకానికి చూపించిన రోజు. మనం ఇవాళ 'పీసీ' అంటున్నామే, ఆ పేరు ఇంతగా వాడుకలోకి వచ్చింది ఆ మెషీన్ వల్లే. ప్రారంభ ధర 1,565 డాలర్లు. అప్పటిదాకా ఐబీఎం అంటే గదులు నిండే పెద్ద పెద్ద కంప్యూటర్లు. ఈ చిన్న కంప్యూటర్‌ని మాత్రం ఫ్లోరిడా రాష్ట్రంలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ అనే ఆయన నాయకత్వంలో ఒక చిన్న బృందం సుమారు ఏడాదిలో తయారు చేసేసింది.

ఏడాదిలో కంప్యూటర్ అంటే మామూలు విషయం కాదు. అన్నీ సొంతంగా చేసుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకే బజారులో దొరికే భాగాలే ఎక్కువగా వాడారు. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. కానీ ఒక్క విషయంలో ఐబీఎం తన పాత గర్వాన్ని వదులుకోలేదు. అదే కీబోర్డ్.

ఎందుకంటే టైపింగ్ అనేది ఐబీఎంకి ఇంటి విద్య. 1961లో వచ్చిన వాళ్ల సెలెక్ట్రిక్ ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ మీద ఎన్నో ఆఫీసులు నడిచాయి. మీ ఇంట్లో టైప్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి లోయరో, హయ్యరో పాసైన పెద్దవాళ్లు ఉంటే అడిగి చూడండి. కీ నొక్కితే వేలికి తెలియాలి, చెవికి వినపడాలి అంటారు. ఆ అలవాటున్న చేతులకి మెత్తగా, చప్పగా ఉండే కీ నచ్చదు.

దానికి జవాబు ఐబీఎం ఇంజనీర్ రిచర్డ్ హంటర్ హారిస్ దగ్గరుంది. ఆయన 1977లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1978లో వచ్చింది. పద్ధతి చాలా సింపుల్. ప్రతి కీ కింద నిలువుగా ఒక స్ప్రింగ్ ఉంటుంది. కీ నొక్కుతుంటే స్ప్రింగ్ అణుగుతూ అణుగుతూ, ఒక చోట ఒక్కసారిగా పక్కకి వంగిపోతుంది. ఆ వంగడంతో అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క టక్కున ఒరుగుతుంది. మీ వేలికి తెలిసే కుదుపు, మీ చెవికి వినపడే శబ్దం, కంప్యూటర్‌కి వెళ్లే సంకేతం, మూడూ దాదాపు ఒకే క్షణంలో జరుగుతాయి. ఇదే 'బక్లింగ్ స్ప్రింగ్'.

మన దగ్గర ఆఫీసుల్లో, కౌంటర్లలో టకటకలాడిన టీవీఎస్ గోల్డ్ గుర్తుందా? అది కూడా మెకానికల్ కీబోర్డే. కాకపోతే అందులో ఉండేది చెర్రీ అనే కంపెనీ స్విచ్చులు. ఐబీఎం స్ప్రింగ్ పద్ధతి వేరు, ఆ పద్ధతి వేరు.

1981 పీసీతో వచ్చిన కీబోర్డ్‌ని ఇప్పుడు సేకరణకర్తలు 'మోడల్ ఎఫ్' కుటుంబంలో ఒకటిగా చెబుతారు. 83 కీలు. లోపల ఇనుప ప్లేటు. బరువు రెండు కిలోలకి పైమాటే. అంటే ఇవాళ్టి చాలా ల్యాప్‌టాప్‌ల కంటే ఎక్కువ. వెనక నుంచి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ తీగలా చుట్టలు తిరిగిన కేబుల్. ఆ కేబుల్ చివర గుండ్రటి ఐదు పిన్నుల డిన్ ప్లగ్. టేప్ రికార్డర్లలో, ఆడియో సామానులో వాడే రకం ప్లగ్గే అది. మ్యూజిక్ కీబోర్డులకి మిడి కేబుల్ పెడతారు చూడండి, దాని చివర ఉండేదీ అదే ఆకారం. ఇంకో తమాషా ఏంటంటే, మొదటి ఐబీఎం పీసీ వెనక అచ్చం ఒకేలా ఉండే డిన్ సాకెట్లు రెండు ఉండేవి. ఒకటి కీబోర్డ్‌కి. రెండోది క్యాసెట్ రికార్డర్‌కి! అవును, ప్రోగ్రాములు పాటల క్యాసెట్ లాంటి టేపు మీద దాచుకునే రోజులవి.

సరే, ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. ఇంత గట్టి వస్తువు, ఇనుప ప్లేటు ఉన్న వస్తువు, మరి పాతవాటిలో కేబుల్ తెగినవి ఎందుకు కనిపిస్తుంటాయి?

ఒక కారణం అందరికీ తెలిసిందే. తీగ ఎక్కువగా వంగే చోట, అంటే మెడ దగ్గర, లోపలి సన్నటి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. రెండో కారణం రాగికి తుక్కు బజారులో ఉండే ధర. పాత కంప్యూటర్లు తుక్కుకి వెళ్లినప్పుడు మొదట పడేది కత్తెర. కేబుళ్లన్నీ కత్తిరించి ఒక కుప్ప, ప్లాస్టిక్ ఒక కుప్ప, బోర్డులు ఒక కుప్ప. కీబోర్డ్ బాగానే ఉందా లేదా అని ఆ క్షణంలో ఎవరూ చూడరు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. అది వాళ్ల కూడు. కానీ ఆ ఒక్క కత్తెర వేటుతో, ఇంకో ఇరవై ఏళ్లు పనిచేయగల వస్తువు కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోతుంది.

మరి దాన్ని ఎలా బతికించాలి? ఇక్కడ రెండు రకాల కేసులు ఉంటాయి.

మొదటిది సులువు. కేబుల్ మధ్యలో తెగింది, రెండు ముక్కలూ మీ దగ్గరే ఉన్నాయి. రెండూ ఒకే కేబుల్ ముక్కలు కాబట్టి లోపలి తీగల రంగులు సరిపోతాయి. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. కానీ మన అలవాటు ప్రకారం తీగలు మెలేసి పైన టేపు చుట్టేస్తే కుదరదు. కొన్నాళ్లకి టేపు జిగురు కారి ఊడుతుంది, మెలి వదులవుతుంది. పద్ధతి ఏంటంటే, ముందుగా ప్రతి తీగకీ సన్నటి హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. మొత్తం కేబుల్‌కి కూడా ఒక పెద్ద గొట్టం ముందే ఎక్కించి పక్కకి జరిపి ఉంచాలి. తర్వాత ఒక్కో తీగకీ టంకం వేయాలి. అతుకులన్నీ ఒకే చోట రాకుండా కొంచెం వెనకా ముందూ ఉండేలా తీగల పొడవు కత్తిరించుకోవాలి. అప్పుడు అతుకు దగ్గర ముద్దలా ఉబ్బదు, ఒకదానికొకటి తగలదు. చివర్లో గొట్టాన్ని జరిపి వేడి చేస్తే బిగుసుకుంటుంది. కేబుల్ చుట్టూ జాలీలా కనిపించే లోహపు పొర ఉంటే దాన్ని కూడా కలపాలి. బయటి విద్యుత్ గోల లోపలికి రాకుండా ఆపేది అదే.

రెండో కేసు కష్టం. ప్లగ్ ఉన్న ముక్క పోయింది. మీ చేతిలో కీబోర్డూ, దాని నుంచి బయటకి వేలాడుతున్న నాలుగైదు రంగు తీగలూ మాత్రమే ఉన్నాయి. ఏది ఏంటి? ఇక్కడ రంగుని నమ్మకండి. ఎరుపు అంటే కచ్చితంగా కరెంటు అని రాసిపెట్టిన రూల్ ఏదీ కీబోర్డ్ కేబుళ్లలో లేదు.

ఇక్కడే 1981 మనకి సాయం చేస్తుంది. ఐబీఎం ఆ పీసీతో పాటు 'టెక్నికల్ రిఫరెన్స్' అని ఒక మాన్యువల్ అమ్మింది. ఫోన్ డబ్బాలో వచ్చే చిన్న మడత కాగితం లాంటిది కాదది. మెషీన్ సర్క్యూట్ బొమ్మలు, ఏ ప్లగ్‌లో ఏ పిన్ ఏం చేస్తుందో, చివరికి కంప్యూటర్‌ని మేల్కొలిపే బయోస్ ప్రోగ్రామ్ మొత్తం వరస తప్పకుండా అందులో అచ్చు వేశారు. ఎందుకు? మంచితనంతో కాదు. వేరే కంపెనీలు తమ పీసీకి కార్డులు, ప్రోగ్రాములు తయారు చేస్తే అమ్మకాలు పెరుగుతాయని. వ్యాపారమే. కానీ ఆ పుస్తకం వల్ల ఆ కీబోర్డ్ రహస్యం అనేదే లేకుండా పోయింది.

అందులో ఏముందో చూడండి. ఐదు పిన్నులు. ఒకటోది క్లాక్, రెండోది డేటా, మూడోది రీసెట్ కోసం పెట్టింది, నాలుగోది గ్రౌండ్, ఐదోది 5 వోల్టులు. రీసెట్‌ని పక్కన పెడితే కీబోర్డ్ ప్రాణమంతా నాలుగు తీగల్లోనే. రెండు తీగలు దానికి కరెంటు ఇస్తాయి. మిగతా రెండు మాట్లాడతాయి.

ఇప్పుడు మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. కీబోర్డ్ దేనికీ కలిపి ఉండకూడదు. లోపల బోర్డు మీద నలభై కాళ్ల చిప్ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో ఐబీఎం వాడింది ఇంటెల్ 8048 రకం మైక్రోకంట్రోలర్. దాని డేటాషీట్ ఇప్పటికీ దొరుకుతుంది. 20వ కాలు గ్రౌండ్, 40వ కాలు 5 వోల్టులు. ఒక ప్రోబ్ 20వ కాలికి ఆనించి, రెండో దానితో తీగలు ఒక్కొక్కటీ తాకుతూ వెళ్లండి. ఎక్కడ బీప్ అంటే అది గ్రౌండ్. అలాగే 40తో కరెంటు తీగ. ఈ రెండూ తేలితే పెద్ద గండం గడిచినట్టే. ఎందుకంటే గ్రౌండూ 5 వోల్టులూ తారుమారైతే నలభై ఏళ్లు బతికిన చిప్ క్షణంలో మాడిపోవచ్చు. క్లాక్, డేటా అటూ ఇటూ అయితే మాత్రం మామూలుగా కీబోర్డ్ పలకదు, అంతే. మార్చి మళ్లీ చూసుకోవచ్చు. అందుకే మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు ఈ రెండు తీగల్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మల్టీమీటర్, టంకం సామాను హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మీ ఊళ్లో అయితే టీవీ రిపేర్ షాపు అన్నని అడగండి. పది నిమిషాల్లో చూపిస్తాడు.

తీగలు తేలాయి. కొత్త ప్లగ్ పెట్టేశాం. ఇక పనిచేస్తుందా? ఇంకా లేదు. ఎందుకంటే తీగ కలిసినంత మాత్రాన భాష కలవదు.

ఈ కీబోర్డ్ ఏం మాట్లాడుతుందో తెలుసా? అక్షరాలు కాదు. నంబర్లు! మీరు 'ఏ' అని రాసి ఉన్న కీ నొక్కితే అది 'ఏ' అని పంపదు. 30 అని పంపుతుంది. అంటే '30వ స్థానంలో ఉన్న కీ కిందికి వెళ్లింది' అని. వదలగానే దానికి 128 కలిపి 158 పంపుతుంది. '30వ కీ పైకి వచ్చింది' అని. వీటిని స్కాన్ కోడ్‌లు అంటారు. ఆ నంబర్‌కి ఏ అక్షరం వేయాలో నిర్ణయించేది కంప్యూటర్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1981 కీబోర్డ్‌ది ఒకవైపు సంభాషణ. అది చెబుతుంది, కంప్యూటర్ వింటుంది. 1984 ఆగస్టులో ఐబీఎం 'ఏటీ' అనే కొత్త కంప్యూటర్ తెచ్చింది. దాని కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్, నమ్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు పెట్టారు. దీపం వెలిగించమని కీబోర్డ్‌కి కంప్యూటర్ చెప్పాలి కదా? అందుకని సంభాషణ రెండువైపులా నడిచేలా మార్చారు. ప్లగ్ ఆకారం మారలేదు, భాష మారిపోయింది. కీ నంబర్లు కూడా మారాయి. ఆ తర్వాత 1985, 86 నాటికి వచ్చిన 'మోడల్ ఎం' 101 కీలతో ఇవాళ మనం చూసే కీబోర్డ్ ఆకారాన్ని స్థిరపరిచింది. పైన ఫంక్షన్ కీల వరుస, కుడివైపు బాణం గుర్తులు, దాని పక్కన నంబర్ల గడి, ఇవన్నీ ఆ పద్ధతే. 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో ప్లగ్ చిన్నదైంది. 1996లో యూఎస్‌బీ మొదటి వెర్షన్ వచ్చింది. కొన్నేళ్లలో ఆ గుండ్రటి ప్లగ్గులు పక్కకి తప్పుకున్నాయి.

కాబట్టి 1981 కీబోర్డ్‌కి ఇవాళ ఒక దుబాసీ కావాలి. చిటికెన వేలంత మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి తీసుకుని, ఇటు ఆ పాత నాలుగు తీగలు, అటు యూఎస్‌బీ పెడతారు. అందులో క్యూఎంకే లాంటి ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కిస్తారు. కీబోర్డ్ 30 అంటే అది ల్యాప్‌టాప్‌కి అర్థమయ్యే యూఎస్‌బీ భాషలోకి మార్చి చెబుతుంది. బజారులో దొరికే మామూలు ప్లగ్ మార్పిడి ముక్కలు ఇక్కడ పనికిరావు. అవి ఆకారాన్ని మారుస్తాయి గానీ భాషని కాదు.

ఇప్పుడు ఇందాకటి ముక్క దగ్గరికి వద్దాం. కీబోర్డ్ పంపేది నంబరే అన్నాం కదా. ల్యాప్‌టాప్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టి, 'కే' అని ఉన్న కీ నొక్కండి. కీబోర్డ్ 37 అని పంపుతుంది. తెర మీద 'క' పడుతుంది! భారతదేశ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని మన ప్రభుత్వం 1980లలో తెచ్చిన లేఅవుట్ అది. 1981లో ఆ కీబోర్డ్ చేసినవాళ్లెవరూ తెలుగు గురించి ఆలోచించి ఉండరు. కానీ అక్షరాన్ని కీబోర్డ్‌లో బంధించకుండా, స్థానం మాత్రమే చెప్పేలా చేశారు కాబట్టి దానికి ఏ భాష అయినా ఒకటే.

ఇదంతా చూశాక ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కీబోర్డ్‌ని నిజంగా బతికించింది ఏది? ఇనుప ప్లేటా? అది ఉన్నా కేబుల్ తెగింది. స్ప్రింగా? స్ప్రింగ్ ఎంత బాగున్నా సంకేతం బయటకి రాకపోతే లాభం లేదు. నిజానికి ఈ కీబోర్డులు అమరత్వం పొందినవేమీ కాదు. మోడల్ ఎఫ్ లోపలి ఫోమ్ పొర కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. మోడల్ ఎంలో ప్లాస్టిక్ రివెట్లు విరిగిపోతాయి. వాటినీ బాగు చేస్తున్నారు. ఎందుకంటే లోపల ఏముందో, ఏది దేనితో మాట్లాడుతుందో అందరికీ తెలుసు. బతికించింది ఆ తెలియడమే.

ఆ పుస్తకం అచ్చు వేసినందుకు ఐబీఎం నష్టపోయింది కూడా. 1982 నవంబర్‌లో కాంపాక్ కంపెనీ ఐబీఎం పీసీ ప్రోగ్రాములు నడిపే సొంత కంప్యూటర్‌ని ప్రకటించింది. బయోస్‌ని కాపీ కొట్టకుండా, అది చేసే పనిని చూసి కొత్తగా రాయించుకుంది. తర్వాత అలాంటి కంపెనీలు బోలెడు వచ్చాయి. 1987లో పీఎస్/2తో ఐబీఎం మళ్లీ తలుపులు మూయాలని చూసింది. లోపలి కార్డుల పద్ధతిని మార్చి, వాడుకోవాలంటే లైసెన్స్ తీసుకోమంది. మిగతా కంపెనీలు ఆ దారిలో వెళ్లలేదు. చివరికి ఆ కంప్యూటర్లు పోయాయి. వాటి గుండ్రటి కీబోర్డ్ పోర్టు మాత్రం అందరూ వాడటం వల్ల దశాబ్దాల పాటు మిగిలింది. ఇక స్ప్రింగ్ సంగతి అంటారా? ఐబీఎం 1991లో కీబోర్డుల విభాగాన్ని లెక్స్‌మార్క్ పేరుతో వేరు చేసింది. 1996లో లెక్స్‌మార్క్ ఆ పని మానేస్తే, కెంటకీ రాష్ట్రంలో అక్కడి పాత ఉద్యోగులే యూనికాంప్ అనే కంపెనీ పెట్టి అవే కీబోర్డులు కొనసాగించారు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి ఆలోచించండి. దాని టైప్-సీ పోర్టులో 24 కాంటాక్టులు ఉంటాయి. ఎక్కువ కరెంటు మోసే కొన్ని కేబుళ్లలో చిన్న చిప్ కూడా ఉంటుంది. కాబట్టి ఒక హెచ్చరిక. ఈ ఎపిసోడ్ చూసి ఫాస్ట్ ఛార్జింగ్ కేబుల్‌ని ఇంట్లో అతికించకండి. ఇంటి కరెంటు తీగల జోలికి అసలే వెళ్లకండి. మనం మాట్లాడింది 5 వోల్టుల కీబోర్డ్ గురించి మాత్రమే. నలభై ఏళ్ల కింద నాలుగు తీగలు, ఇప్పుడు ఇంత సంక్లిష్టత. అది తప్పు కాదు, దానివల్ల లాభాలున్నాయి. తప్పు ఎక్కడంటే, పార్టు మార్చాక సాఫ్ట్‌వేర్ 'ఇది నాది కాదు' అని ఒప్పుకోకపోవడం, సర్క్యూట్ బొమ్మ రిపేర్ అన్నకి దొరక్కపోవడం.

మన దేశంలో 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు రిపేర్ వివరాలు, విడిభాగాల సమాచారం ఒకచోట పెట్టాలన్నది ఉద్దేశం. ఈసారి ఫోన్ కొనేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్‌లు అని చూసినట్టే, దీని బ్యాటరీ మార్చొచ్చా, పార్టులు దొరుకుతాయా అని కూడా ఒక్కసారి చూడండి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు పెరిగితేనే జవాబు చెప్పేవాళ్లు పెరుగుతారు.

మీ ఇంటి అటక మీద, మీ నాన్నగారి పాత ఆఫీసులో తీగ తెగిన కీబోర్డ్ ఏదైనా ఉంటే, తుక్కు బండికి వేసేముందు తిరగేసి దాని అడుగున అంటించిన లేబుల్ చదవండి. ఏ కంపెనీ, ఏ సంవత్సరం ఉందో కామెంట్‌లో రాయండి. దాంట్లో తెగింది కేబులే కావచ్చు, నంబర్లు మాత్రం ఇంకా లోపలే ఉండొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.